ఎండిన వాక్స్‌కు మళ్లీ మెరుపు!

మూత ఓ పట్టాన రాలేదు. స్క్రూడ్రైవరు అంచు కింద దూర్చి చుట్టూ నాలుగుసార్లు ఎత్తితే టప్‌మని ఊడింది. లోపలికి చూస్తే... ఎండాకాలం చెరువు గుర్తొచ్చింది. వాక్సంతా నెర్రెలిచ్చి, డబ్బా అంచుల్ని వదిలేసి, మధ్యలో ఓ బిళ్లలా ముడుచుకుపోయి ఉంది. నొక్కితే గోరు దిగడం లేదు. డబ్బా ఊపితే గలగలమని చప్పుడు!

దసరాకి అప్పటికి ఇంకా పది రోజులుంది. ఆయుధపూజకి బండ్లు కడగడం, పసుపు కుంకుమ పెట్టడం, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కించడం మా ఇంట్లో ఏటా ఉండేవే. ఆసారి నాన్న కొత్తగా ఓ కోరిక కోరారు. షెడ్డులో ముసుగేసుకుని పడుకున్న పాత పద్మిని కారుని పూజకి బయటికి తీయాలి. అద్దంలా మెరిపించాలి. అదీ, ఎప్పుడో బాబాయి గల్ఫ్ నుంచి తెచ్చిచ్చిన ఆ వాక్స్‌తోనే!

'కొత్త డబ్బా కొనేస్తా నాన్నా, మహా అయితే కొన్ని వందలు...' అంటే ఒప్పుకోలేదు. 'సగం కూడా వాడలేదురా. ఎలా పారేస్తాం?' అన్నారు. రేషను రోజుల నుంచీ ప్రతి వస్తువునీ ఆఖరి చుక్కదాకా వాడిన తరం వాళ్లది. ఏళ్లపాటు ప్రతి దసరాకీ కారుకి ఆయనే స్వయంగా పాలిష్ పెట్టేవారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. కనీసం తన డబ్బాలోని మెరుపైనా కారు మీద కనపడాలని ఆయన ఆశ. సరే, ఎండిపోయిన వాక్స్‌ని బాగుచేసే పనిలో పడ్డాను. పడి, కొద్దిలో కొంప తగలబెట్టబోయాను!

స్టవ్ మీద పెట్టా...

మైనమే కదా, వేడి చేస్తే కరుగుతుంది అనుకున్నాను. పలచబడాలని పెయింట్లలో కలిపే టర్పెంటాయిలు రెండు మూతలు పోశాను. గిన్నెలో నీళ్లు పోసి, అందులో డబ్బా పెట్టి, గిన్నెని స్టవ్ మీదికి ఎక్కించాను. మంట సిమ్‌లోనే ఉందిగా అన్న ధీమా ఒకటి. రెండు నిమిషాలు గడిచాయో లేదో ఇల్లంతా ఒకటే ఘాటు. దొడ్లో బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ పరుగున వచ్చి స్టవ్ కట్టేసింది. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచింది. తర్వాత నన్ను ఏమందో ఇక్కడ రాయడం బాగోదు.

తిట్టడంలో ఆవిడ తప్పేమీ లేదని మర్నాడు ఆటోనగర్‌లో ఓ పెయింటింగు మేస్త్రి దగ్గరికెళ్లాక అర్థమైంది. నలభై ఏళ్లుగా కార్లకి రంగులేస్తున్న మనిషి. డబ్బా వాసన చూసి, ఓ పెచ్చు విరిచి రెండు వేళ్ల మధ్య నలిపి, 'ఇది పాడవలా బాబూ, ఆరిపోయిందంతే. దీన్ని బాగుచెయ్యడానికి పొయ్యి అక్కర్లా. ఓపిక చాలు' అన్నాడు. స్టవ్ సంగతి చెబితే మాత్రం నవ్వలేదు. 'మీ అదృష్టం బాగుంది' అని ఊరుకున్నాడు.

పోయింది మైనం కాదు

పేస్ట్ వాక్స్ అంటే అందులో ఉండేవి ప్రధానంగా రెండు. ఒకటి మైనాలు. గట్టిదనానికి, మెరుపుకి కార్నోబా మైనం... పూయడానికి వీలుగా తేనెమైనం, పారఫిన్ లాంటి మెత్తటి మైనాలు. రెండోది సాల్వెంట్. అంటే మైనాన్ని కరిగించి మెత్తగా ఉంచే ద్రవం. ఒకప్పుడు పైన్ చెట్ల బంక నుంచి తీసిన టర్పెంటైన్ వాడేవారు. తర్వాత పెట్రోలియం నుంచి తీసే మినరల్ టర్పెంటైన్, నాఫ్తా లాంటివి వచ్చాయి.

మనం వాక్స్ పూసినప్పుడు సాల్వెంట్ గాలిలో కలిసిపోతుంది. పల్చటి మైనం పొర రంగు మీద మిగులుతుంది. కాసేపటికి బూడిద పట్టినట్టు కనిపించేది అదే. దాన్ని మెత్తటి బట్టతో తుడిస్తే మెరుపు వస్తుంది. మూత సరిగ్గా బిగించకపోతే కారు మీద జరగాల్సిన ఈ పనే డబ్బాలో జరిగిపోతుంది. సాల్వెంట్ ఎగిరిపోతుంది, మైనం మిగిలిపోతుంది. ఉన్న సరుకు తగ్గింది కాబట్టే బిళ్ల కుంచించుకుపోయి అంచుల్ని వదిలేస్తుంది, నెర్రెలిస్తుంది. మరి మైనం? అది అంత తొందరగా చెడేది కాదు. పోయిన సాల్వెంట్‌ని మళ్లీ పోస్తే చాలు, వాక్స్ మళ్లీ వాక్సవుతుంది. మొత్తం కిటుకు ఇంతే.

స్టవ్ మీద ఎందుకు పెట్టకూడదో కూడా ఇక్కడే ఉంది. మినరల్ టర్పెంటైన్ 35-40 డిగ్రీల ప్రాంతానికి వచ్చేసరికి, నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని వదలడం మొదలెడుతుంది. బెజవాడలో మే నెల ఎండే అంతకు మించి ఉంటుంది! పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా గట్టు మీదుగా కిందికి దిగి నేల మీద పాకుతుంది. మంట ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. గిన్నెలో నీళ్లున్నాయి కదా అనే ధీమా అందుకే పనికిరాదు. నీళ్లు డబ్బాని మాడకుండా కాపాడతాయి తప్ప ఆవిరిని మంట దాకా పోకుండా ఆపలేవు.

తాటిచెట్టుకి చుట్టం

ఇంతకీ ఈ కార్నోబా ఎక్కడిది? బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో, సియారా, పియావీ రాష్ట్రాల్లో పెరిగే ఒక చెట్టుది. మన తాటిచెట్టు కుటుంబమే. ఆకులు కూడా మన తాటాకుల్లాగే విసనకర్రల మాదిరి విచ్చుకుని ఉంటాయి. అక్కడి ఎండలకి ఆకులో తేమ ఆరిపోకుండా చెట్టు తన ఒంటికి తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే ఆ మైనం పొడిలా రాలుతుంది. తేనెమైనం 62-64 డిగ్రీలకే కరుగుతుంది. కార్నోబా కరగాలంటే 80 దాటాలి. ఎండకి మాడే బానెట్ మీద కూడా నిలిచేది అందుకే. చాక్లెట్ల మీద నిగనిగకీ, లిప్‌స్టిక్‌లకీ, బూట్ల పాలిష్‌కీ కూడా ఇదే మైనం వాడతారు.

ఈ చెట్టు కోసం ఒకాయన ఖండాలే దాటాడు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, రేసీన్ పట్టణంలో మైనం పాలిష్‌లు తయారుచేసే జాన్సన్ కంపెనీ ఉండేది. దాని అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ 1935లో, నీటి మీద కూడా దిగగల సికోర్‌స్కీ విమానంలో బ్రెజిల్ వెళ్లాడు. కార్నోబా చెట్లని కళ్లారా చూసి రావడానికి! తర్వాత అరవై మూడేళ్లకి, 1998లో, ఆయన కొడుకు శామ్ జాన్సన్ అలాంటి విమానాన్నే మళ్లీ తయారుచేయించి, తన కొడుకులని వెంటబెట్టుకుని, తండ్రి వెళ్లిన దారినే బ్రెజిల్ వెళ్లొచ్చాడు. నాన్న వాడిన డబ్బాలో ఇంత కథ ఉందని తెలిశాక దాన్ని పారేయాలనే ఆలోచనే పోయింది.

అన్నీ బాగుపడవు!

ఎండిన ప్రతి డబ్బా పనికొస్తుందనుకోవద్దు. ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, వాసన. కిరోసిన్‌నో కొత్త పెయింట్‌నో తలపించే వాసన వస్తుంటే అది సాల్వెంట్ రకం. లేబుల్ మీద పెట్రోలియం డిస్టిలేట్స్ అనో నాఫ్తా అనో రాసి ఉంటుంది. ఇది బాగుపడే రకం. అలా కాకుండా మీగడలా తెల్లగా ఉండే క్రీమ్ వాక్సుల్లో నీళ్లూ మైనమూ కలిపి ఉంటాయి. ఎండిపోయో విరిగిపోయో నీళ్లు ఒకపక్క, గడ్డలు ఒకపక్క అయ్యాయంటే వాటిని కలపడం ఇంట్లో అయ్యే పని కాదు. విరిగిన పాలని మళ్లీ పాలు చేయలేం కదా! బూజు పట్టినా అంతే, పారేయడమే.

రెండోది, ఇసుక. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న డబ్బాలో దుమ్ము చేరుతుంది. రేకు తుప్పుపట్టి పొట్టులా రాలుతుంది. పైపైన ఉంటే పాత కత్తితో పై పొర గీకి పారేయవచ్చు. లోపలిదాకా కలిసిపోయి ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ మీద సున్నాలు చుట్టినట్టు గీతలు పడతాయి. డబ్బా మిగుల్చుకోబోయి కారు రంగు పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

మూడోది, కారు. ఈమధ్య కొన్న కారుకి సిరామిక్ కోటింగ్ చేయించి ఉంటే దాని మీద ఈ వాక్స్ రుద్దాల్సిన అవసరమే లేదు. డబ్బా మీద క్లీనర్ వాక్స్ అని ఉంటే అందులో సన్నటి రాపిడి పొడి కలిసి ఉంటుంది. ముదురు రంగు కొత్త కార్లకి అది వద్దు.

ఇలా చేయండి...

కావాల్సినవి ఎక్కువేం లేవు. హార్డ్‌వేర్ షాపులో మినరల్ టర్పెంటైన్ చిన్న సీసా, మళ్లీ వంటకి వాడని పాత చెంచా, రబ్బరు గ్లవ్స్, ఒక బేసిన్. షాపువాళ్లు 'టర్పెంటా, థిన్నరా సార్?' అని అడుగుతారు. అక్కడ పొరపాటు పడొద్దు. థిన్నర్ వేరు, టర్పెంటాయిలు వేరు. గట్టి థిన్నర్ కారు రంగునే కరిగించేస్తుంది.

* పనంతా ఆరుబయట, నీడలో పెట్టుకోండి. చుట్టుపక్కల పొయ్యి, సిగరెట్, అగరొత్తి, దీపం ఏవీ ఉండకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది.

* బిళ్లని డబ్బాలోనే చెంచాతో పొడుచుకుంటూ చిన్న చిన్న పలుకులు చేయాలి. ఎంత చిన్నవైతే అంత త్వరగా నానతాయి.

* 200 గ్రాముల డబ్బాలో సగం ఉందనుకుంటే ముందు రెండు టీ చెంచాల టర్పెంటాయిలు చాలు. అన్ని పలుకులకీ తడి తగిలేలా కలిపి, మూత గట్టిగా బిగించి, చల్లటి చోట రాత్రంతా వదిలేయండి. బియ్యం నానబెట్టినట్టన్నమాట.

* మర్నాడు మూత తీసి చెంచా వెనకవైపుతో మెదపండి. ఇంకా గట్టిగా ఉంటే మరో చెంచా పోసి మరో రాత్రి నానబెట్టండి. మా డబ్బాకి రెండు రాత్రులు, మొత్తం నాలుగు చెంచాలు పట్టింది.

* అప్పటికీ గడ్డలు మిగిలితేనే వేడి సంగతి. నీళ్లు వంటింట్లో కాచి, పొయ్యి ఆర్పేసి, బేసిన్‌లో పోసి బయటికి తెచ్చుకోండి. పొయ్యి దగ్గరికి డబ్బా వెళ్లకూడదు, డబ్బా దగ్గరికి నీళ్లే రావాలి! చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు. మరిగే నీళ్లు అక్కర్లేదు. మూత వదులుగా ఉంచి డబ్బాని అందులో నిలబెట్టి, మధ్యమధ్యలో కలపాలి. నీళ్లు చల్లారితే మార్చుకోవచ్చు. వాక్స్‌లో నీటిచుక్క పడకుండా చూసుకోండి.

* ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయటపెట్టిన వెన్నలా అయ్యిందా? ఇక చాలు. మూతపెట్టి కదపకుండా చల్లారనివ్వండి. మరీ జారుగా అయితే కంగారు వద్దు. మూత తీసి ఆరుబయట నీడలో ఉంచితే ఎక్కువైన సాల్వెంట్ అదే పోతుంది. అందుకే మొదటే గుమ్మరించకుండా చెంచాలెక్కన పోయాలి.

గుండె జారింది!

బాగుపడిన వాక్స్‌ని నేరుగా బానెట్ మీద రుద్దేయకూడదు. కంటికి కనపడని మూల, తలుపు కింది అంచులాంటి చోట ముందు పరీక్ష చేయాలి. నేనూ అలాగే చేశాను. బట్ట తీసి చూస్తే దానికి కారు రంగు అంటుకుంది! గుండె జారిపోయింది. మేస్త్రికి ఫోన్ చేశాను. 'పాత కారు కదా బాబూ, రంగు మీద క్లియర్ కోటు ఉండదు. ఎండకి మాడి పొడైన రంగు పైపైన లేస్తది. కంగారు పడమాక. గట్టిగా రుద్దమాక' అన్నాడు. నిజమే. ఈ కాలం కార్లకి రంగు మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. పాత కార్లకి చాలావాటికి రంగే పై పొర. అదే కొత్త కారు మీద రుద్దినప్పుడు బట్టకి రంగు అంటితే మాత్రం ఆపేసి తెలిసినవాళ్లకి చూపించాలి.

పరీక్ష నెగ్గితే ఇక పని తేలికే. కారుని శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. బానెట్ చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి. తడిపి పిండిన మెత్తటి స్పాంజితో ఒక్కో భాగానికీ పల్చగా పూయాలి. మందంగా పూస్తే మెరుపు ఎక్కువ రాదు, తుడవలేక చేతులు పడిపోతాయి. పది నిమిషాలయ్యాక వేలితో గీస్తే గీత శుభ్రంగా పడిందంటే ఆరినట్టే. మెత్తటి నూలుబట్టతో తుడిచేయాలి. నల్ల ప్లాస్టిక్ భాగాలకీ అద్దాలకీ తగలనివ్వొద్దు, తెల్లటి మరకలు పడతాయి.

ఈ మెరుపు ఎన్నాళ్లుంటుంది అంటారా? కార్నోబా పొర ఎండావానల్ని బట్టి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు నిలుస్తుంది. విశాఖలాంటి సముద్రపు గాలి ఊళ్లలో, చెట్ల కింద పెట్టే బండ్లకీ ఇంకా తొందరగా పోతుంది. పక్షుల రెట్టలూ, చెట్ల జిగురూ, ఉప్పుగాలీ ముందు ఆ మైనం పొర మీద పడతాయి. రంగు బదులు అది అరుగుతుంది. వాక్స్ ఉన్నది అందుకే.

ఇవి వద్దే వద్దు!

* పెట్రోలు: పొయ్యి అవసరం లేదు, చిన్న నిప్పురవ్వ చాలు భగ్గుమనడానికి. వాక్స్ కలపడానికి ఎన్నడూ వాడొద్దు.

* కిరోసిన్: త్వరగా ఆరదు. జిడ్డు మిగిలిపోయి దుమ్ముని పట్టుకుంటుంది.

* కొబ్బరినూనె, వంటనూనె: అసలు ఆరవు. మొదటిరోజు మెరుపు, రెండోరోజు నుంచి మురికి.

* మైక్రోవేవ్: రేకు డబ్బా, మండే సాల్వెంట్... రెండూ దానికి శత్రువులే.

* పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకండి. మండే మైనం చిమ్మి మంట వ్యాపిస్తుంది. మీకు ప్రమాదం లేదనుకుంటేనే పెద్ద మూతో పళ్లెమో బోర్లించి గాలి అందకుండా చేయాలి. లేదంటే అందరూ బయటికి వచ్చి ఫైర్ సర్వీసుకి, 101కి ఫోన్ చేయాలి.

* వాడిన బట్టల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరుబయట విడివిడిగా ఆరేసి, పూర్తిగా ఆరాకే పారేయాలి. మిగిలిన టర్పెంటాయిల్ని కాలవలో పోయొద్దు.

* బాగుచేసిన డబ్బాకి మూత కింద ఓ పాలిథిన్ కాగితం పెట్టి బిగించండి. కారు డిక్కీలో దాచకండి, ఆ వేడికి మళ్లీ మొదటికొస్తుంది. కొన్న తేదీ మీద రాసుకుంటే ఇంకా మంచిది.

* * *

2023 అక్టోబరులో ముంబయి రోడ్ల మీంచి ఆఖరి పద్మిని టాక్సీ తప్పుకొందని పేపర్లో చదివి నాన్న ఆ పూట చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆయుధపూజ రోజు మాత్రం ఆయన మాటలకి అంతులేదు. ఎర్రటి తలుపులో తన మొహం కనిపిస్తుంటే కళ్లజోడు సర్దుకుని మరీ చూసుకున్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, మూత చుట్టూ బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి గట్టిగా బిగించారు.

'ఇంకా రెండు దసరాలకి వస్తుందిరా' అన్నారు.

డబ్బా లెక్కా, తన లెక్కా అని నేను అడగలేదు. అలమరలో, చల్లటి చోట చూసి దాచాను.